ఆ డబ్బు ఏ ఊరికి చేరింది?

2024 డిసెంబరులో పాకిస్తాన్‌లోని చిత్రాల్‌లో ఒక అమెరికన్ వేటగాడు ఒక మార్ఖోర్‌ను కాల్చాడు. మార్ఖోర్ అంటే మెలితిరిగిన పొడవాటి కొమ్ములుండే కొండమేక. పాకిస్తాన్ జాతీయ జంతువు కూడా అదే. దాన్ని కాల్చడానికి అనుమతి కోసం అతను వేలంలో పెట్టిన డబ్బు 2,71,000 డాలర్లు. అప్పటి మారకం ప్రకారం సుమారు 2.3 కోట్ల రూపాయలు. తూషీ-శాషా అనే చోట, ఊళ్లవాళ్లు ఉమ్మడిగా కాపాడుకుంటున్న కొండల్లో ఈ వేట జరిగింది.

చచ్చిన జంతువు పక్కన తుపాకీతో కూర్చున్న మనిషి ఫొటో మా కాలేజీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఒకటే తిట్లు. "డబ్బుంటే ఏమైనా చెయ్యొచ్చా" అని ఒకరు, "వీళ్ల క్లబ్బులన్నీ మూయించాలి" అని ఇంకొకరు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. నేను తుపాకీ పట్టుకోలేను, పట్టుకునే ఉద్దేశం కూడా లేదు. పదేళ్లకు పైగా బతికిన ఒక మగ జంతువును గోడకు తగిలించుకోవడంలో ఏం ఆనందం ఉందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. కానీ ఆ ఫొటో కింద ఎవరూ రాయని సంగతి ఒకటుంది. ఆ పర్మిట్ డబ్బులో 80 శాతం ఆ కొండల కింద ఉన్న ఊళ్లకు వెళ్తుంది, 20 శాతమే ప్రభుత్వానికి. నేను రాయాలనుకున్నది ఆ 80 శాతం గురించి.

నేను ఉండేది డాలస్‌లో. ఇక్కడి డాలస్ సఫారీ క్లబ్ చాలా ఏళ్లపాటు ప్రతి జనవరిలో ఊళ్లోనే పెద్ద సమావేశం పెట్టేది. 2014లో నమీబియాలో ఒక నల్ల ఖడ్గమృగాన్ని వేటాడే పర్మిట్‌ను 3,50,000 డాలర్లకు వేలం వేసి ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది ఈ క్లబ్బే. మా ఆఫీసులో జింకల వేటకు వెళ్లే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన ఒకసారి రమ్మంటే వెళ్లాను. హాలు నిండా గడ్డి కూరి నిలబెట్టిన జంతువులు, తుపాకుల దుకాణాలు, వేట ట్రిప్పులు అమ్మేవాళ్ల స్టాళ్లు. ఆఫ్రికా వాళ్లవే ఎక్కువ. ఒక వరుసలో మాత్రం తజికిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, మంగోలియా, నేపాల్, పాకిస్తాన్ పేర్లు కనిపించాయి. పాకిస్తాన్ స్టాల్లో ఉన్న ఆయన నా ముఖం చూసి హిందీలో పలకరించి టీ ఇచ్చాడు. ఊళ్లకు ఎంత వెళ్తుందని అడిగితే, కట్టిన బడులు, వేసిన నీళ్ల పైపుల ఫొటోలు తీసి చూపించాడు. పక్కనే ఉన్న వేరే దేశం స్టాల్లో అదే ప్రశ్న అడిగితే కొమ్ముల పొడవు ఎన్ని అంగుళాలో చెప్పారు. ఒకే వరుసలో ఉన్న ఆ రెండు స్టాళ్ల మధ్య తేడాయే ఈ విషయమంతటికీ మూలం అనుకుంటాను.

ఇలాంటి సంస్థలు చాలానే ఉన్నాయి. సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్ 1970ల మొదట్లో అమెరికాలో మొదలైంది. కొండగొర్రెల కోసం మోంటానాలో వైల్డ్ షీప్ ఫౌండేషన్ ఉంది. యూరప్‌లో పాతకాలం నుంచి ఉన్న సీఐసీ అనే అంతర్జాతీయ వేట మండలి, జీవవైవిధ్య ఒప్పందం మహాసభల్లో మార్ఖోర్ పేరుతో ఒక అవార్డు కూడా ఇస్తూ వచ్చింది. ఆ మహాసభల్లో పదకొండోది 2012 అక్టోబరులో మన హైదరాబాద్‌లోనే జరిగింది. వేట సంస్థ ఇచ్చే అవార్డుకు ఆ జంతువు పేరే ఎందుకు పెట్టుకున్నారో తెలియాలంటే బలూచిస్తాన్ వెళ్లాలి.

ఖిలా సైఫుల్లా జిల్లాలో, తోబా కాకర్ పర్వతాల్లో తోర్‌ఘర్ అనే కొండలున్నాయి. కాకర్ తెగ పఠాన్ల నేల. అక్కడ దొరికేది మార్ఖోర్లలోనే నిటారు కొమ్ములుండే రకం, దానితోపాటు ఉరియల్ అనే అడవి గొర్రె. 1979లో సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లోకి దిగాక సరిహద్దుకు ఇవతల ఆటోమేటిక్ తుపాకులు, చవక తూటాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. అంతకుముందు పాత తుపాకీతో రోజంతా తిరిగితే ఒకటి దొరికే చోట, ఇప్పుడు మందకు మంద కూలిపోయేది. 1980ల మధ్యకు తోర్‌ఘర్‌లో మార్ఖోర్లు వంద కూడా మిగల్లేదని అంచనా.

అప్పుడు ఆ నేల పెద్దలైన జోగేజై కుటుంబంలోని తైమూర్ షా, ఆయనకు తెలిసిన నసీర్ తరీన్ కలిసి ఒక ఆలోచన చేశారు. అమెరికా వన్యప్రాణి శాఖలోని జీవశాస్త్రవేత్తల సలహా తీసుకున్నారు. తెగవాళ్లు వేట పూర్తిగా మానెయ్యాలి. ఆ వేటగాళ్లలోంచే కొందరిని జీతానికి కాపలాదార్లుగా పెట్టుకోవాలి. జీతాల డబ్బు కోసం ఏటా చాలా తక్కువ సంఖ్యలో, వయసు మళ్లిన మగవాటిని మాత్రమే విదేశీ వేటగాళ్లకు అమ్మాలి. మొదట్లో పెట్టుకున్నది ఏడుగురిని. ఏ బండ చాటున మంద పడుకుంటుందో, ఏ దారిలో దొంగ వేటగాడు వస్తాడో వాళ్లకు తెలిసినంతగా ఏ ఉద్యోగికీ తెలియదు. 1994లో ఇది ఒక రిజిస్టరైన సంస్థ అయింది. ఆ ఏడాది కర్ట్ జాన్సన్ అనే జీవశాస్త్రవేత్త చేసిన సర్వేలో మార్ఖోర్లు 700 దరిదాపుల్లో తేలాయి. 2005కి 2,500 దాటాయి. 2011 అంచనా 3,500 దగ్గర.

ఇది చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ అంకెలు కావు. దేశంలో చట్టాలున్నాయి, అంతర్జాతీయంగా అడవి జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం ఉంది, వాటిలో మార్ఖోర్ పేరుంది. ఆ కొండల మీద మాత్రం ప్రభుత్వం మాట చెల్లేది కాదు. చెల్లింది తెగ పెద్ద మాట, నెల జీతం. తుపాకీ ఉన్న మనిషి తుపాకీ దించడానికి అతనికీ అతని ఊరికీ నిలకడైన కారణం దొరికింది. నా లెక్కలో మార్ఖోర్‌ను కాపాడింది ఆ కారణం. డాలస్ నుంచి వెళ్లిన వేటగాడు దానికి డబ్బు కట్టాడు, అంతవరకే. క్లబ్బుల పత్రికలు చూస్తే కాపాడింది తామే అన్నట్టు రాసుకుంటాయి. ఆ మాట నాకు నచ్చదు. అలాగని ఆ డబ్బు లేకుండా ఇదంతా జరిగేదని కూడా నేను చెప్పలేను.

1997లో హరారేలో జరిగిన సైటిస్ సమావేశం పాకిస్తాన్‌కు ఏటా ఆరు మార్ఖోర్ల కోటా ఇచ్చింది. 2002లో దాన్ని 12 చేశారు. వేల జంతువులున్న చోట ఏడాదికి 12 అంటే జనాభా మీద పెద్ద ప్రభావం ఉండదు. కోటా అంత చిన్నగా ఉండబట్టే ధర అంత పెరిగింది. గిల్గిత్-బాల్టిస్తాన్‌లో 2019లో ఒక పర్మిట్ 1,10,000 డాలర్లు పలికితేనే రికార్డు అన్నారు. 2023లో అది 1,86,000కు చేరింది. తోర్‌ఘర్‌కు మాత్రం చాలాకాలం వేరే ఇబ్బంది ఉండేది. నిటారు కొమ్ముల మార్ఖోర్ అమెరికా చట్టం కింద అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉండటంతో, అమెరికన్ వేటగాళ్లు ఆ కొమ్ములను ఇంటికి తెచ్చుకోవడం చాలా కష్టం. తెచ్చుకోలేని దానికి వాళ్లు పెద్ద ధర పెట్టరు. వేట సంస్థల తరఫు లాయర్లు ఏళ్ల తరబడి దీని మీద పిటిషన్లు వేశారు. చివరికి 2014లో అమెరికా వన్యప్రాణి శాఖ దాన్ని ఒక మెట్టు కిందికి దించి, సరైన నిర్వహణ ఉన్న చోట నుంచి తెచ్చుకోవడానికి దారి ఇచ్చింది. ఇలాంటి పనిలో ఆ సంస్థల పాత్ర నిజంగా ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. ఆ మరుసటి ఏడాదే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ కూడా మార్ఖోర్ జాతి మొత్తాన్ని ప్రమాదపు జాబితాలో నుంచి తప్పించి, ప్రమాదానికి దగ్గరగా ఉన్న జాతుల్లోకి మార్చింది. ఆసియాలో ఒక పెద్ద జంతువు విషయంలో ఇలాంటి కబురు వినడం చాలా అరుదు.

ఇప్పుడు అదే బలూచిస్తాన్‌లో ఇంకో జిల్లాకు వస్తాను. పేరు చాగై. చలికాలంలో మధ్య ఆసియా నుంచి హౌబారా అనే పక్షులు అక్కడికి వలస వస్తాయి. మన బట్టమేక పిట్టకు చుట్టం, దానికంటే చాలా చిన్నది. గల్ఫ్ రాజకుటుంబాలు డేగలతో వీటిని వేటాడటానికి దశాబ్దాలుగా పాకిస్తాన్ వస్తున్నాయి. పర్మిట్లు ఇచ్చేది విదేశాంగ శాఖ. పది రోజుల్లో వంద పక్షులు అని నియమం. 2014లో ఒక సౌదీ యువరాజు బృందం చాగైలో 21 రోజుల్లో 2,100 పక్షులను చంపిందని ఒక అటవీ అధికారి రాసిన నివేదిక బయటకు వచ్చింది. 2015 ఆగస్టులో పాకిస్తాన్ సుప్రీంకోర్టు ఆ వేటను పూర్తిగా నిషేధించింది. 2016 జనవరిలో ఆ తీర్పును అదే కోర్టు వెనక్కి తీసుకుంది. గల్ఫ్ డబ్బుతో రోడ్లూ ఆసుపత్రులూ వచ్చిన మాట నిజం. అబుదాబిలోని హౌబారా నిధి పక్షులను పెంచి వదులుతున్న మాటా నిజం. అయినా చాగైలో గొర్రెలు కాసుకునే మనిషికి ఆ పక్షి లెక్కలో ఎక్కడా చోటు లేదు. పర్మిట్ ఇస్లామాబాద్‌లో పుడుతుంది, దయ ఎడారి అవతల నుంచి వస్తుంది. ఎన్ని చచ్చాయో లెక్కపెట్టే హక్కు అతనికి లేదు, చాలు ఆపమని చెప్పే హక్కు అసలే లేదు.

మంగోలియా అర్గాలీ గొర్రెల గురించి కూడా పరిశోధకులు చాలాకాలంగా ఇదే ఫిర్యాదు చేశారు. ఒక్కో పర్మిట్‌కు వేల డాలర్లు వస్తున్నా గొర్రెలకూ అక్కడి పశుపాలకులకూ చేరేది చాలా తక్కువని.

ఇంతదూరం వచ్చాక మా ఊరి సంగతి చెప్పకుండా ఉండలేను. మా అమ్మమ్మ వాళ్లది నందికొట్కూరు వైపు, రోళ్లపాడుకు దగ్గర. బట్టమేక పిట్ట కోసం రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అంతకుముందు నుంచే అక్కడ గడ్డినేలల్లో పనిచేశారు. రక్షణ వచ్చాక కృష్ణజింకలు బాగా పెరిగాయి. అవి చుట్టుపక్కల చేలల్లో పడటం మొదలైంది. రాత్రిళ్లు కాపలా కాయడం, డబ్బాలు వాయించడం మా మామకు మామూలు పని. శనగ మొలక మీద జింకల మంద పడిన మర్నాడు ఆయన అన్నమాట నాకు ఇప్పటికీ అలాగే గుర్తుంది.

"జింకలు గవర్నమెంటోళ్లవి, చేను మాది. అవి తినిపోతే మేం ఎవుర్ని అడగాల నాయనా?"

అక్కడ విదేశీ వేటగాడు లేడు, సఫారీ క్లబ్బు లేదు. చట్టం గట్టిగానే ఉంది. కాలువ నీళ్లు రావడంతో చుట్టూ ఉన్న బీళ్లు సాగులోకి వచ్చాయి, పిట్టకు కావలసిన గడ్డినేల కుంచించుకుపోయింది, ఊళ్లకు అభయారణ్యం అంటేనే విసుగు పుట్టింది. ఒకప్పుడు దేశమంతా చెప్పుకున్న రోళ్లపాడు బట్టమేక పిట్ట ఇవాళ అక్కడ దాదాపు కనబడదు. పాపం ఊళ్లవాళ్లదని నేను అనను. ఆ పిట్ట ఉంటే తమకు ఒక రూపాయి మేలు ఉందని వాళ్లకు ఎవరూ చూపించలేదు. తోర్‌ఘర్ గురించి చదువుతున్నప్పుడు నాకు మాటిమాటికీ మా మామ గుర్తొస్తాడు. ఆయనకు ఏడాదికి ఇంత అని, జింక తిన్న చేనుకు ఇంత అని, గడ్డినేల దున్నకుండా వదిలినందుకు ఇంత అని చేతికి వచ్చి ఉంటే ఆయనే ఆ పిట్టకు కాపలా కాసేవాడు. రాత్రిళ్లు ఎటూ మేలుకునే ఉండేవాడు కదా.

అంటే మన దేశంలో కూడా వేట తెరవాలా? వద్దు. 1950ల్లో, 60ల్లో విదేశీయులకు పులి వేట ట్రిప్పులు అమ్మే కంపెనీలు మన దగ్గరా ఉండేవి. ఆ డబ్బు ఏ అడవి ఊరికీ చేరలేదు. 1972 లెక్కలో పులులు 1,827కు వచ్చి నిలబడ్డాయి. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం వల్లే ఇవాళ మనకు ఈ మాత్రం అడవి జంతువులు మిగిలాయని నమ్ముతాను. ఇంత జనసాంద్రత ఉన్న దేశంలో, పర్మిట్ల చుట్టూ ఎలాంటి దందా పుడుతుందో తెలిసి కూడా ఆ తలుపు తియ్యమని అడగను.

క్లబ్బుల మీద నాకున్న పెద్ద అభ్యంతరం వాళ్ల రికార్డు పుస్తకాలు. సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్ కొమ్ములను టేపు పెట్టి కొలిచి మార్కులు వేస్తుంది, జాబితాలోని జాతులన్నీ వేటాడినవాళ్లకు అవార్డులు ఇస్తుంది. దాంతో అందరి కళ్లూ అన్నిటికంటే పెద్ద కొమ్ముల మగవాటి మీదే పడతాయి. కెనడాలోని అల్బెర్టాలో రామ్ మౌంటెన్ అనే కొండ మీద పెద్దకొమ్ము గొర్రెలను దశాబ్దాలపాటు గమనించిన శాస్త్రవేత్తలు, పెద్ద కొమ్ములున్నవాటినే ఎంచి కాల్చడం వల్ల తరతరానికీ కొమ్ములు చిన్నవవుతున్నాయని 2003లో ప్రచురించారు. తోర్‌ఘర్‌లోలా వేల జంతువుల్లో ఒకటో రెండో తీస్తే ఆ ప్రమాదం తక్కువే. కానీ ధర ఇలా పెరుగుతూ పోతే, కోటా పెంచమనే ఒత్తిడి కూడా పెరుగుతుంది. నాకు టెన్షన్ అక్కడే. ఇంకో పర్మిట్ అమ్మితే ఇంకో బడి కట్టొచ్చని ఎవరో ఒకరు అంటారు. వద్దని చెప్పడానికి జంతువులను ఏటా లెక్కపెట్టే మనిషి కావాలి. ఆ మనిషి వేట ట్రిప్పులు అమ్మేవాడి జీతం మీద బతకకూడదు.

బెల్జియం పార్లమెంటు 2024 జనవరిలో అంతరించే ప్రమాదమున్న జంతువుల వేట జ్ఞాపికల, అంటే వాటి తలలు, కొమ్ములు, తోళ్ల లాంటివాటి, దిగుమతిని నిషేధించింది. బ్రిటన్‌లో అలాంటి బిల్లు 2023లో దిగువ సభ దాటి ప్రభువుల సభలో ఆగిపోయింది. ఆ దేశాల ప్రజల మనసు నాకు తెలుసు, అది నా మనసు కూడా. అయినా ఆ చట్టాలు రాసేవాళ్లను ఒక్కటి అడగాలనిపిస్తుంది. తోర్‌ఘర్ కాపలాదారుకు రేపటి నెల జీతం ఎవరు ఇస్తారు? మీరు ఇస్తామంటే నిషేధం రేపే పెట్టండి, మొదట చప్పట్లు కొట్టేది నేనే. ఇవ్వకుండా నిషేధం మాత్రం పెడితే అతని తుపాకీ మళ్లీ భుజానికెక్కుతుంది.

మనం చేయగలిగిన పని ఒకటి మన గడప దగ్గరే ఉంది. మార్ఖోర్ మన దేశంలోనూ ఉంది. కశ్మీర్‌లోని పీర్ పంజాల్, కాజీనాగ్ కొండల్లో, హీర్‌పోరా అభయారణ్యంలో. 2004-05లో చేసిన సర్వేలో అన్నీ కలిపి 350 నుంచి 375 ఉండొచ్చన్నారు. అక్కడ వాటిని కాల్చే హక్కు ఎవరికీ లేదు, ఉండకూడదు. కానీ హీర్‌పోరా గుండా మొఘల్ రోడ్డు వెళ్తోంది. ఆడ మార్ఖోర్లు పిల్లలు పెట్టే మే, జూన్ రోజుల్లోనే బకర్వాల్ అనే సంచార పశుపాలకుల గొర్రెలు, మేకలు వేలాదిగా అదే పచ్చికకు ఎక్కుతాయి. మేత తగ్గుతుంది, రోగాలు అంటుకుంటాయి. 2010లో తజికిస్తాన్‌లో మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల ఊపిరితిత్తుల జబ్బు వచ్చి కనీసం 64 మార్ఖోర్లు చనిపోయాయి. మూడు, నాలుగు వందలే ఉన్న చోటికి అలాంటిది ఒక్కసారి వస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

బకర్వాల్లను కొండ దిగిపొమ్మనడం న్యాయం కాదు. తరాలుగా వాళ్ల బతుకు ఆ దారిలోనే ఉంది. పిల్లలు పెట్టే లోయలు రెండు మూడు గుర్తించి, ఆ నెలల్లో అటు మంద తోలనందుకు ఆ కుటుంబాలకు నేరుగా డబ్బివ్వాలి. ఆ కుర్రాళ్లలోనే కొందరికి ఏడాది పొడవునా కాపలా ఉద్యోగం ఇవ్వాలి. ఈ డబ్బు వేలం పాటలో రాదు కాబట్టి మన పన్నుల్లోంచి రావాలి, బడ్జెట్‌లో దానికంటూ ఒక పద్దు ఉండాలి. మందలు జమ్మూ నుంచి బయలుదేరక ముందే, మార్చి, ఏప్రిల్‌లలో, పశువుల డాక్టర్లు వాళ్ల విడిదిలకు వెళ్లి ప్రతి మేకనూ పరీక్ష చేసి, వెయ్యాల్సిన టీకాలు ఉచితంగా వెయ్యాలి.